డొంక దారీ, గ్రావెల్ పందెమూ

"గ్రావెల్" అన్నమాట మా పర్చూరు ప్రాంతంలో ఎవరికీ కొత్త కాదు. పొలాలకు పోయే డొంకలో వానకు బండి దిగబడిందంటే, పంచాయతీవారిని "కాస్త గ్రావెల్ తోలించండయ్యా" అని అడగడం రివాజు. అది ఇంగ్లీషు మాటన్న స్పృహ అడిగేవారికి ఉండదు. అయితే ఆ గ్రావెల్ మీద వందల కిలోమీటర్ల సైకిలు పందేలు జరుగుతాయనీ, వాటికి ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా ఉందనీ నాకు చెప్పినవాడు నా పూర్వవిద్యార్థి ఒకడు. అతనికి హైదరాబాదులో ఉద్యోగం. సెలవురోజుల్లో సైకిలు మీద దూరాలు పోవడం వ్యసనం. "ఇది కొత్త క్రీడ, మాస్టారూ" అన్నాడు. కొత్తదేనా అన్న శంకతో పాత సంగతులు తిరగవేశాను. తేలినదేమిటో మిత్రులకు మనవి చేస్తున్నాను.

ముందుగా మాట సంగతి. సైకిలుకు మూలం గ్రీకు 'కుక్లోస్'. అదీ మన 'చక్ర'మూ ఒకే మూలరూపం నుంచి పుట్టిన తోబుట్టువులని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. కనుక సైకిలును పూర్తిగా పరాయిదనడానికి నావంటి తెలుగు పండితుడికి మనసొప్పదు.

ఇప్పుడు మనం చూస్తున్న ఆకారంలోని సైకిలు 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ చేసిన 'రోవర్'తో స్థిరపడింది. 1888లో డన్లప్ గాలి టైరు వచ్చింది. మరి మూడేళ్ళకే, 1891 సెప్టెంబరులో, ఫ్రాన్సులో ఒక దినపత్రిక పారిస్ నుంచి బ్రెస్ట్ రేవుదాకా పోయి మళ్ళీ పారిస్ చేరే పందెం పెట్టింది. దూరం సుమారు 1200 కిలోమీటర్లు. షార్ల్ తెరాన్ అనే అతను 71 గంటల చిల్లరలో, ఇంచుమించు నిద్ర లేకుండా, మొదటివాడుగా తిరిగివచ్చాడు. ఆనాటికి దారులకు తారు లేదు. కంకర, దుమ్ము, రాతిపరుపు, గుంతలు, ఇవే దారి. రోడ్లకు తారు వెయ్యడం ప్రబలింది మోటారుకార్లు పెరిగాక, ఇరవయ్యో శతాబ్దంలో. అనగా దూరపు సైకిలు పందెం పుట్టుకతోనే గ్రావెల్ పందెం. తారురోడ్డు మీది పందెమే తరువాత వచ్చినది.

దూరాన్ని జయించడంలో మరొక శాఖ కూడా ఉంది. దానికి దారితో పని లేదు. న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 1891 నుంచి ఆరురోజుల పందేలు జరిగాయి. ఒకే వలయంలో, రాత్రనక పగలనక తొక్కుతూ ఉండాలి. తొక్కేవారు మతిచలించి కూలిపోవడం చూసి, ఒక మనిషి రోజుకు 12 గంటలకు మించి తొక్కరాదని అక్కడ చట్టం చేశారు. అందువల్ల 1899 నుంచి ఇద్దరిద్దరు జంటగా, వంతులవారీగా తొక్కే పద్ధతి వచ్చింది.

ఈ సంగతి చదవగానే నాకు మా పల్లెల్లో 1970 ప్రాంతాల నాటి దృశ్యం కళ్ళకు కట్టింది. మిత్రుల్లో చాలామంది చూసే ఉంటారు. ఎక్కడినుంచో ఒక బక్కపలచని మనిషి వచ్చి బడి ఆవరణలోనో, చెరువుగట్టు కింద ఖాళీజాగాలోనో సైకిలెక్కేవాడు. మూడురోజులో, ఏడురోజులో కాలు కింద పెట్టకుండా గుండ్రంగా తిరిగేవాడు. అన్నం సైకిలు మీదే, స్నానం సైకిలు మీదే. మైకుసెట్టులో సినిమాపాటలు మోగేవి. ఊరిపెద్దలు ఒకటీ రెండూ రూపాయల నోట్లు అతని చొక్కాకు గుచ్చేవారు. వందల మైళ్ళు తొక్కినా అతడు ఊరి పొలిమేర దాటేవాడు కాడు. అతడి పేరు మాకు ఆ వారంరోజులే జ్ఞాపకం ఉండేది. ఏ పుస్తకంలోనూ అతని లెక్క వ్రాసి ఉండదు. మాడిసన్ స్క్వేర్ వీరుల మైళ్ళ లెక్కలు మాత్రం పత్రికల్లో భద్రంగా ఉన్నాయి.

ఇక అమెచ్యూర్ల కథ. ఈ మాటకు లాటిన్‌లో అర్థం ప్రేమించేవాడు అని. జీతానికి కాక ప్రీతికి చేసేవాడన్నమాట. పారిస్–బ్రెస్ట్–పారిస్ వృత్తివారి పందెంగా 1951తో ముగిసిపోయింది. 1931 నుంచి దాని పక్కనే మొదలైన అమెచ్యూర్ల ప్రయాణం మాత్రం నిలిచింది. ఇప్పుడది నాలుగేళ్ళకొకసారి జరుగుతుంది. 90 గంటల లోపు వస్తే చాలు, ముందొచ్చినవాడికి పతకం అంటూ లేదు. దానికి అర్హతగా 200, 300, 400, 600 కిలోమీటర్ల 'బ్రెవే'లు పూర్తి చెయ్యాలి. గడువులు వరుసగా పదమూడున్నర, 20, 27, 40 గంటలు. దారిలో మజిలీల దగ్గర కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. 2007లో మొదలైన హైదరాబాద్ బైసికిలింగ్ క్లబ్బు వంటివాటితో నగరాల్లో సరదాగా సైకిలు తొక్కేవారు ఒకచోట చేరారు. 2010 తరువాతి దశాబ్దంలో హైదరాబాదు మొదలైన చోట్ల ఈ బ్రెవేలు వేళ్ళూనాయి. 2019లో మనదేశం నుంచి వందలమంది పారిస్ వెళ్ళారు. ఎదురుగాలికీ రాత్రి చలికీ తాళలేక వారిలో చాలామంది మధ్యలోనే ఆగిపోయారు.

గ్రావెల్ పందెం అమెరికాలో ఈ అమెచ్యూరు తోటలోనే మొలిచింది. 2006లో కాన్సాస్ రాష్ట్రంలోని ఎంపోరియా నుంచి 34 మంది 200 మైళ్ళ మట్టిదారి పట్టారు. నేడది వేలమంది పాల్గొనే జాతర. అప్పటి పేరు 'డర్టీ కాంజా'. ఆ పేరు అక్కడి ఆదివాసులకు సంబంధించినది కావడంతో 2020లో తొలగించి 'అన్‌బౌండ్' అని మార్చారు. 2022లో ఇటలీలో మొదటి గ్రావెల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. 2023లో ఎంపోరియా పందెం నాడు వాన కురిసింది. అక్కడి మట్టి చక్రాలకూ ఫోర్కుకూ పట్టేసి, మహామహులు సైతం సైకిళ్ళను భుజాన మోశారు. బురద గీకడానికి చెక్కపుల్ల వెంట ఉంచుకోవడం అక్కడ పాత అలవాటట.

చెక్కపుల్ల అనగానే నాకు నవ్వొచ్చింది. మా నల్లరేగడి సంగతి ఎరిగినవారికి ఆ పుల్ల కథ చెప్పనక్కరలేదు. ఎండాకాలం కాలు దిగే నెర్రెలు, వానపడితే బంక. తడిసిన డొంకలో నాలుగు బారలు తొక్కేసరికి మడ్‌గార్డులో మట్టి బిగిసి చక్రం ఆగిపోతుంది. పత్తి ఏరేవారూ, మిరపకోతకు పోయేవారూ సైకిలు దిగి, కంపపుల్ల విరిచి, మట్టి గీకి, మళ్ళీ ఎక్కేవారు. మరీ మొండికేస్తే భుజాన వేసుకునేవారు. ఆ పుల్లను అక్కడ పందెపు సరంజామాలో లెక్కిస్తే, ఇక్కడ పని కాగానే గట్టు మీద పారేసేవారు.

మా శిష్యుడి తండ్రి చీరాల నేతబట్టలు మూటగట్టి సైకిలు మీద అమ్మేవాడు. చీరాల నుంచి పర్చూరు సుమారు ఇరవై కిలోమీటర్లు. అక్కడినుంచి చుట్టుపట్ల ఊళ్ళు తిరిగి, పొద్దుగూకాక ఇల్లు చేరేవాడు. వెనక క్యారియరు మీద మూట, చక్రం కింద గతుకులు. అటువంటి రోజులు అయిదారు కలిపితే ఒక పెద్ద బ్రెవే పూర్తయినట్టే. ముద్ర వేసేవారు లేరు, అంతే. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో కొన్ని క్రీడాసంఘాలు చేతిపనివారినీ కూలీలనూ అమెచ్యూర్లుగా ఒప్పుకోరాదని నిబంధన పెట్టుకున్నాయి. ఒళ్ళు వంచి బతికేవాడికి ఆటలో చోటు లేదన్నమాట. కాగితం మీద ఆ నిబంధన ఏనాడో పోయింది. లెక్కలు వ్రాసే చోట మాత్రం దాని నీడ పోలేదని నాకు అనిపిస్తుంది.

అయితే తండ్రే గొప్ప, కొడుకుది కులాసా అని తీర్పు చెప్పడం కూడా న్యాయం కాదు. తండ్రికి ఆగే స్వేచ్ఛ లేదు. మూట అమ్ముడుపోకపోతే పొయ్యి వెలగదు. కొడుకు నాలుగొందల కిలోమీటర్ల దగ్గర మోకాలు పట్టేసి ఆగిపోతే, బస్సెక్కి ఇంటికి రావచ్చు. ఆగే వీలుండీ ఆగకపోవడమే అమెచ్యూరు గుణం. ఆ వీలు కొడుక్కి దక్కింది తండ్రి తొక్కిన తొక్కుడు వల్లనే. పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళారని ఘనంగా చెప్పుకుంటాం. సబబే. బట్టల మూటతో వెళ్ళినవారిని కూడా చెప్పుకోవాలి కదా!

పోయిన సంక్రాంతికి అతను సన్నటి గ్రావెల్ సైకిలు తెచ్చి మా డొంకలన్నీ తిరిగాడు. మిరపచేలో పనిచేస్తున్న ముసలాయన ఒకరు ఆపి, "ఏ ఊరికి అబ్బాయ్?" అన్నారట. "ఏ ఊరికీ కాదు తాతా, ఊరికే" అన్నాడట. "మీ నాన్న ఈ దారినే వచ్చేవాడు. అప్పుడిందులో ఈ గ్రావెల్ కూడా లేదు" అని, ఎక్కడ గుంత ఉండేదో, ఎక్కడ దిగి నెట్టుకుపోయేవాడో ముసలాయన వరసగా చెప్పారట. అతను ఆ చోట్లన్నీ ఫోనులోని పటంలో గుర్తు పెట్టుకున్నాడు. నాకు తెలిసినంతలో ఆ తండ్రి దారి మొదటిసారి నమోదయింది అప్పుడే.

అట్లాస్ కంపెనీ చివరి కర్మాగారం 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినం నాడే, మూతపడింది. ఆ బరువు సైకిళ్ళు తొక్కినవారు కూడా ఒక్కరొక్కరే వెళ్ళిపోతున్నారు. మీ ఊళ్ళో ఏడురోజులు సైకిలు తొక్కిన మనిషి పేరు ఎవరికైనా జ్ఞాపకం ఉంటే, సైకిలు మీద సరుకమ్మినవారు రోజుకు ఎన్ని ఊళ్ళు తిరిగేవారో పెద్దలెవరైనా చెబితే, దయచేసి వ్రాసి ఉంచండి. నాకు పంపినా సంతోషమే. సెలవు.