బంగారు సింహ టామరిన్: జంతుప్రదర్శనశాలల్లో సంరక్షణ, సంతానోత్పత్తి – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

బ్రెజిల్‌లోని రియో డి జనీరో రాష్ట్రపు తీరప్రాంత అడవులే బంగారు సింహ టామరిన్‌కు ఏకైక సహజ ఆవాసం. సుమారు 600 గ్రాముల బరువుండే ఈ చిన్నకోతికి ముఖం చుట్టూ ఉన్న జూలు వల్ల ఆ పేరు వచ్చింది. ఆ అందమే దానికి ముప్పయింది. పెంపకం కోసం, ప్రదర్శన కోసం వేలాదిగా పట్టి తరలించారు. మరోవైపు అడవులను నరికివేశారు. 1970ల ఆరంభానికి అడవిలో మిగిలినవి కొన్ని వందలు మాత్రమే. బ్రెజిల్ జీవశాస్త్రజ్ఞుడు అడెల్మార్ కోయింబ్రా-ఫిల్హో 1960లలోనే ఈ ప్రమాదాన్ని గుర్తించి హెచ్చరించాడు. జంతుప్రదర్శనశాలల్లోనూ వీటి సంతతి నిలవలేదు. వాటిని కాపాడవలసిన చోటే అవి ఎందుకు క్షీణించాయన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

2. పెంపకంలోని లోపాలు – సవరణలు

1972లో వాషింగ్టన్‌లో జరిగిన సమావేశం ఈ చరిత్రకు మలుపు. ఆ తరువాత అక్కడి జాతీయ జంతుప్రదర్శనశాలలో డెవ్రా క్లైమన్ ఈ జంతువుల ప్రవర్తనను నిశితంగా అధ్యయనం చేసింది. వయసొచ్చిన ఆడకోతులు ఒకదానినొకటి సహించలేవని, అందువల్ల ఒక జంటను, దాని పిల్లలను మాత్రమే ఒకచోట ఉంచాలని తేలింది. సాధారణంగా కవలలు పుడతాయి. వాటిని మోయడంలో తండ్రికి, పెద్ద పిల్లలకు ప్రధాన పాత్ర ఉంది. పిల్లలను ముందుగానే వేరు చేస్తే తోబుట్టువులను సాకే అనుభవం వాటికి దక్కదు. తామే తల్లిదండ్రులైనప్పుడు బిడ్డలను నిర్లక్ష్యం చేస్తాయి. కాబట్టి తరువాతి కాన్పు పిల్లలు పెరిగేవరకు వాటిని కుటుంబంలోనే ఉంచసాగారు.

ఆహారంలోనూ మార్పు వచ్చింది. పండ్లకు తోడు కీటకాలు, జంతుసంబంధ మాంసకృత్తులు చేర్చారు. అమెరికా ఖండపు కోతులకు డి3 విటమిన్ అవసరమని, ఎండ తగలని గదుల్లో అది లోపిస్తే ఎముకలు బలహీనపడతాయని అప్పటికే తెలిసింది. రాత్రి నిద్రకు చెట్టుతొర్రను పోలిన పెట్టెలను అమర్చారు. వంశావళి గ్రంథం ఆధారంగా జంటలను కూర్చి రక్తసంబంధీకుల మధ్య సంపర్కాన్ని తగ్గించారు.

3. తిరిగి అడవికి

సంఖ్య పెరిగాక 1984లో పోసో దాస్ అంతాస్ అభయారణ్యంలో తొలి విడుదల జరిగింది. పంజరంలో పుట్టిన కోతులకు దాగిన ఆహారాన్ని వెదకడం, ఊగే కొమ్మలపై నడవడం తెలియలేదు, చాలావరకు మరణించాయి. దీంతో విడుదల తరువాత కూడా ఆహారం, పర్యవేక్షణ కొనసాగించారు. అడవిలో పుట్టిన వాటి సంతానం మాత్రం నిలదొక్కుకుంది. 1990ల ఆరంభంలో ప్రదర్శనశాలలు ఈ జంతువులపై యాజమాన్యాన్ని బ్రెజిల్‌కు అప్పగించాయి. 2003లో ఈ జాతి 'అత్యంత ప్రమాదస్థితి' నుండి 'ప్రమాదస్థితి'కి మారింది.

4. ముగింపు

2016 తరువాత పచ్చజ్వరం వ్యాపించి సుమారు 3,700 ఉన్న సంఖ్య 2,500కు పడిపోయింది. 2023 నాటి లెక్కలో 4,800కు చేరింది. ఒక జాతిని కాపాడడమంటే దాని దేహాన్ని పోషించడమే కాదు, దాని కుటుంబ జీవనాన్ని నిలబెట్టడం కూడా అని ఈ చరిత్ర నిరూపిస్తున్నది. అయితే పంజరంలో సాధించిన విజయం అడవికి ప్రత్యామ్నాయం కాజాలదు. ముక్కలైన అడవులను కలపనిదే ఈ కృషి సంపూర్ణం కాదు.