టీసీ తీసుకునే ముందే లెక్క తేల్చుకోవాలి

కళాశాల మారే పేద విద్యార్థులకు ప్రవేశ మార్గమే కీలకం
తక్కువ రుసుం చూసి తొందరపడితే రాయితీకే ఎసరు

కాకినాడ: పాలిటెక్నిక్ పూర్తయింది, ఇంజినీరింగ్ చదవాలని ఉంది. డిగ్రీ తొలి ఏడాది గడిచింది, ఉన్నచోట రుసుం కట్టే స్తోమత లేదు. తండ్రి పని పోయింది, ఇంటికి దగ్గరగా ఉన్న కళాశాలకు రాక తప్పదు. కారణం ఏదైనా, చదువు మధ్యలో కళాశాల మారాల్సిన విద్యార్థులు ఏటా జిల్లాలో కనిపిస్తూనే ఉంటారు. వీరిలో చాలామంది తక్కువ రుసుం ఉన్న కళాశాల ఏదని మాత్రమే వెతుకుతారు. ఏ మార్గంలో చేరితే ప్రభుత్వ రాయితీ వర్తిస్తుంది, చదివిన ఏడాది లెక్కలోకి వస్తుందా అన్న విషయాలు పట్టించుకోరు. పాత కళాశాల నుంచి బదిలీ ధ్రువపత్రం తీసుకున్నాక ఈ సంగతి తెలిస్తే వెనక్కి వెళ్లేందుకు సీటు ఉండదు, ముందుకు వెళ్లేందుకు డబ్బు ఉండదు. అందుకే ఏం అడగాలో, ఎక్కడ అడగాలో ముందే తెలుసుకోవడం అవసరం.

డిప్లొమా వారికి దగ్గరి దారి

తక్కువ ఖర్చుతో పెద్ద చదువులోకి మారేందుకు డిప్లొమా విద్యార్థులకు ఉన్న రాజమార్గం ఈసెట్. ఇందులో అర్హత సాధించినవారు బీటెక్‌లో నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చు. నాలుగేళ్ల కోర్సు మూడేళ్లలో పూర్తవుతుంది. ఒక ఏడాది రుసుం, వసతి ఖర్చు కలిసివస్తాయి. గణితం ఒక సబ్జెక్టుగా బీఎస్సీ పూర్తిచేసినవారు, డీ ఫార్మసీ చదివి బీ ఫార్మసీలో చేరదలచినవారు కూడా ఈ పరీక్ష రాయవచ్చు.

డిప్లొమా అభ్యర్థులకు ప్రశ్నపత్రం 200 మార్కులకు ఉంటుంది. గణితానికి 50, భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరి 25, చదివిన ఇంజినీరింగ్ విభాగానికి 100 మార్కులు కేటాయిస్తారు. అర్హతకు 25 శాతం, అంటే 50 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు కనీస మార్కుల నిబంధన లేదు. అయితే అర్హత వేరు, తక్కువ ఖర్చుతో సీటు దక్కడం వేరు. విశ్వవిద్యాలయ ప్రాంగణ కళాశాలల్లో ఈసెట్ ద్వారా భర్తీచేసే సీట్లు పరిమితం. మంచి ర్యాంకు ఉంటేనే అక్కడ చోటు దొరుకుతుంది. కాబట్టి డిప్లొమా చివరి ఏడాదిలోనే గణితంపై దృష్టి పెట్టిన విద్యార్థికి ఆ శ్రమ తర్వాతి మూడేళ్ల రుసుం రూపంలో తిరిగి వస్తుంది.

ఏ కోటాలో చేరుతున్నారు?

రాయితీ విషయంలో అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. బోధన రుసుముల చెల్లింపు పథకం కన్వీనర్ కోటాలో సీటు పొందినవారికే వర్తిస్తుంది. యాజమాన్య కోటాలో చేరినా, కౌన్సెలింగ్ ముగిశాక మిగిలిన సీట్లలో స్పాట్ ప్రవేశాల ద్వారా చేరినా మొత్తం రుసుం విద్యార్థే భరించాలి. ఒకే తరగతి గదిలో, ఒకే బెంచీపై కూర్చున్న ఇద్దరిలో ఒకరికి రాయితీ వచ్చి మరొకరికి రాకపోవడానికి కారణం ఇదే.

కౌన్సెలింగ్‌లో కోరుకున్న కళాశాల రాలేదని సీటు వదులుకుని, స్పాట్ ప్రవేశంలో చూసుకుందామనుకునే వారు కొందరుంటారు. డబ్బుకు ఇబ్బంది లేని కుటుంబానికి అది చెల్లుతుంది. రాయితీపై ఆధారపడిన కుటుంబానికి మాత్రం అది మూడేళ్ల భారం. వెబ్ ఐచ్ఛికాలు ఇచ్చేటప్పుడే ఇంటి నుంచి బస్సులో వెళ్లి రాగలిగిన కళాశాలలను, రుసుం తక్కువగా ఉన్నవాటిని వీలైనన్ని ఎక్కువ నమోదు చేయడం మేలు.

రాయితీకి ఆదాయ పరిమితి కూడా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో విద్యాదీవెన పేరుతో ఈ పథకాన్ని అమలు చేసినప్పుడు కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షల రూపాయలకు మించరాదని నిర్దేశించారు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు ఒక పరిమితి, మిగతా వర్గాలకు గ్రామీణ, పట్టణ ప్రాంతాలను బట్టి వేర్వేరు పరిమితులు ఉన్నాయి. రాష్ట్ర విభజన తర్వాత రెండు రాష్ట్రాల పథకాలు వేరయ్యాయి. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రంలోని కళాశాలకు మారాలనుకునేవారు స్థానికత నిబంధనను ముందుగా చూసుకోవాలి. చేరే సంవత్సరంలో అమలులో ఉన్న ఉత్తర్వులే ప్రామాణికం.

మధ్యలో మారితే ఏమవుతుంది?

ఒక ఇంజినీరింగ్ కళాశాల నుంచి మరో ఇంజినీరింగ్ కళాశాలకు మారడం ఈసెట్ అంత సులభం కాదు. చేరబోయే కళాశాలలో అదే విభాగంలో ఖాళీ ఉండాలి. రెండు కళాశాలలూ నిరభ్యంతర పత్రాలు ఇవ్వాలి. విశ్వవిద్యాలయం అనుమతించాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా బదిలీ జరగదు. అనుమతి చేతికి రాకముందే ధ్రువపత్రం తీసుకుని పాత కళాశాలతో తెగదెంపులు చేసుకోవడం ప్రమాదకరం.

పాఠ్యప్రణాళిక మరో చిక్కు. అనుబంధ కళాశాలలు విశ్వవిద్యాలయం ఇచ్చిన పాఠ్యాంశాలనే బోధిస్తాయి. స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలలు సొంతంగా రూపొందించుకుంటాయి, పరీక్షలూ అవే నిర్వహిస్తాయి. ఒకచోట రెండో సెమిస్టర్‌లో చదివిన సబ్జెక్టు మరోచోట నాలుగో సెమిస్టర్‌లో ఉండవచ్చు. అప్పుడు చదివిందే మళ్లీ చదవాల్సి రావచ్చు, లేదా చదవనిదానికి విడిగా పరీక్ష రాయాల్సి రావచ్చు. చదివిన సబ్జెక్టులలో ఎన్నింటిని గుర్తిస్తారో, ఎన్ని అదనంగా రాయాలో రాతపూర్వకంగా తీసుకున్నాకే ముందడుగు వేయాలి.

డిగ్రీ విద్యార్థులకు ఈ విషయంలో కొంత వెసులుబాటు వచ్చింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌ను ప్రారంభించింది. విద్యార్థి సాధించిన క్రెడిట్లు అతని ఖాతాలో జమవుతాయి. ఇందులో నమోదైన మరో సంస్థలో చేరినప్పుడు వాటిని బదలాయించుకునే వీలుంటుంది. అయితే క్రెడిట్లు ఖాతాలో ఉన్నంత మాత్రాన కొత్త కళాశాల అన్నింటినీ అంగీకరిస్తుందని భావించరాదు. మార్కులు, క్రెడిట్లు ఖాతాలో సరిగా నమోదయ్యాయో లేదో పాత కళాశాలలో ఉండగానే సరిచూసుకోవాలి.

కోర్సునే మార్చుకునేవారు మరింత జాగ్రత్త వహించాలి. ఒక స్థాయి కోర్సు పూర్తిచేశాక మళ్లీ అదే స్థాయిలో మరో కోర్సులో చేరితే పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతనానికి అర్హత ఉండదు. బీఏ పూర్తిచేసి బీకాంలో చేరడం ఇందుకు ఉదాహరణ. మధ్యలో మానేసి కొత్త కోర్సులో మొదటి సంవత్సరంలో చేరేవారు తమకు రాయితీ వర్తించే అవకాశం ఉందో లేదో సాంఘిక సంక్షేమ లేదా వెనుకబడిన తరగతుల సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

రుసుం ఒక్కటే ఖర్చు కాదు

ఒక ఉదాహరణ చూద్దాం. ఇంటికి దగ్గరలోని ప్రైవేటు కళాశాలలో ఏటా రుసుం 60 వేల రూపాయలు, బస్సు ఖర్చు 10 వేలు అనుకుందాం. దూరంగా ఉన్న ప్రభుత్వ కళాశాలలో రుసుం 20 వేలు, వసతి, భోజనానికి 60 వేలు. మూడేళ్లకు మొదటిచోట 2.10 లక్షలు, రెండోచోట 2.40 లక్షలు అవుతుంది. రుసుం మూడో వంతే ఉన్నా దూరపు కళాశాలే ఎక్కువ ఖర్చు. క్రెడిట్లు కలవక అక్కడ ఒక ఏడాది అదనంగా చదవాల్సివస్తే అది 3.20 లక్షలకు చేరుతుంది. అదే దగ్గరి కళాశాలలో కన్వీనర్ సీటు వచ్చి, రుసుం పూర్తిగా ప్రభుత్వమే చెల్లిస్తే ఇంటి నుంచి పెట్టాల్సింది మూడేళ్లకు 30 వేలే. దూరపు ప్రభుత్వ కళాశాలలో ఉచిత సంక్షేమ వసతిగృహంలో చోటు దొరికితే లెక్క మళ్లీ మారుతుంది. వసతి, ప్రయాణం, అదనపు సంవత్సరం, రాయితీ అన్న నాలుగింటినీ కలిపి చూస్తేనే అసలు ఖర్చు తేలుతుంది.

ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సీటు అనగానే రుసుం నామమాత్రమని అనుకోవడమూ పొరపాటే. కొన్ని ప్రాంగణాల్లో స్వయం ఆర్థిక విధానంలో నడిచే కోర్సులకు రుసుం ఎక్కువ. సీటు ఏ విభాగం కిందిదో కేటాయింపు పత్రంలో చూసుకోవాలి.

ఇక డిగ్రీ చదివేవారికి జిల్లా కేంద్రంలోని పీఆర్ ప్రభుత్వ కళాశాల, రాజమహేంద్రవరంలోని ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల వంటివి ప్రైవేటు కళాశాలల కంటే తక్కువ ఖర్చుతో అందుబాటులో ఉన్నాయి. పని చేసుకుంటూ చదవక తప్పనివారికి దూరవిద్య ఒక దారి. 1985లో ఏర్పాటైన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో మూడేళ్ల డిగ్రీని గరిష్ఠంగా ఆరేళ్లలో పూర్తిచేసే వెసులుబాటు ఉంది.

రాయితీ రానివారికి ఇతర మార్గాలు

అఖిల భారత సాంకేతిక విద్యామండలి అమలుచేస్తున్న ప్రగతి పథకం కింద విద్యార్థినులకు ఏటా 50 వేల రూపాయలు అందుతాయి. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయలకు మించరాదు. మొదటి సంవత్సరంలో చేరినవారితో పాటు, ఈసెట్ ద్వారా నేరుగా రెండో సంవత్సరంలో చేరినవారూ దీనికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ విషయం తెలియక అవకాశం కోల్పోతున్నవారు ఉన్నారు. దివ్యాంగులకు ఇదే తరహాలో సాక్షం పథకం ఉంది. జాతీయ ఉపకార వేతనాల పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి.

రుణం తీసుకోక తప్పని పరిస్థితిలో బ్యాంకు విద్యారుణం వడ్డీ వ్యాపారి అప్పు కంటే ఎంతో నయం. బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా పథకం ప్రకారం 4 లక్షల రూపాయల వరకు హామీ ఆస్తి అవసరం లేదు. కోర్సు ముగిసిన ఏడాది తర్వాత వాయిదాలు మొదలవుతాయి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో ఎంపికచేసిన విద్యాసంస్థల్లో చదివేవారికి, 8 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ప్రకటించారు. చేరబోయే కళాశాల ఆ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ధ్రువపత్రాలు ఆపితే...

కళాశాల మారేవారికి ఎదురయ్యే పెద్ద అడ్డంకి ఇదే. ప్రభుత్వం నుంచి రావాల్సిన రుసుం బకాయి పడిందని, ఆ మొత్తం కడితేనే ధ్రువపత్రాలు ఇస్తామని కొన్ని యాజమాన్యాలు పట్టుబడతాయి. తెలంగాణలో బకాయిల కోసం ప్రైవేటు కళాశాలలు 2025 నవంబరులో బంద్ పాటించాయంటే సమస్య తీవ్రత అర్థమవుతుంది. యాజమాన్యం ఇబ్బంది నిజమే అయినా, ఆ భారం విద్యార్థి భవిష్యత్తుపై పడటం ఆందోళన కలిగించే అంశం.

విద్యార్థుల అసలు ధ్రువపత్రాలను సంస్థలు తమ వద్ద ఉంచుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో స్పష్టం చేసింది. ప్రవేశం రద్దు చేసుకున్నప్పుడు రుసుం వాపసుకూ అదే ప్రకటనలో గడువులు నిర్దేశించింది. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకుముందు తప్పుకుంటే స్వల్ప మినహాయింపుతో పూర్తి మొత్తం, 15 రోజుల లోపు అయితే 90 శాతం తిరిగి రావాలి. చివరి తేదీ దాటాక 15 రోజుల వరకు 80 శాతం, ఆ తర్వాత నెల వరకు 50 శాతం లభిస్తుంది. నెల దాటితే ఏమీ రాదు. కొన్ని విద్యా సంవత్సరాలకు సంఘం ప్రత్యేక గడువులు ప్రకటించింది కాబట్టి ఆ ఏడాది ఉత్తర్వును కూడా చూడాలి. నిర్ణయం ఆలస్యమైన కొద్దీ చేతికి వచ్చే డబ్బు తగ్గిపోతుంది.

కళాశాల స్పందించకపోతే ముందుగా ప్రిన్సిపల్‌కు రాతపూర్వకంగా వినతి ఇచ్చి అందినట్లు ముద్ర వేయించుకోవాలి. తర్వాత 2023 నిబంధనల ప్రకారం ఏర్పడిన విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీని, అక్కడా న్యాయం జరగకపోతే విశ్వవిద్యాలయ అంబుడ్స్‌పర్సన్‌ను ఆశ్రయించవచ్చు. న్యాయ సలహా కావాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచిత సహాయం అందుతుంది.

మారే ముందు అడగాల్సినవి

* సీటు కన్వీనర్ కోటాలోనిదా, కాదా?
* బదిలీ తర్వాత రుసుం రాయితీ కొనసాగుతుందా? కొత్త కళాశాల పేరు ఎవరు నమోదు చేస్తారు?
* ఎన్ని క్రెడిట్లను గుర్తిస్తారు? అదనంగా ఎన్ని పరీక్షలు రాయాలి?
* బోధన రుసుం కాక ప్రత్యేక, ప్రయోగశాల, పరీక్ష, బస్సు రుసుములు ఎంత?
* పాత కళాశాలలో బకాయి ఎంత ఉంది? అందులో ప్రభుత్వం చెల్లించాల్సింది ఎంత?
* కొత్త ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాలు సిద్ధంగా ఉన్నాయా?

చేరాక హాజరు విషయంలోనూ అశ్రద్ధ పనికిరాదు. 75 శాతం హాజరు లేకపోయినా, తదుపరి సంవత్సరానికి అర్హత సాధించకపోయినా రాయితీ నిలిచిపోతుంది. డిప్లొమా నుంచి నేరుగా రెండో సంవత్సరంలోకి వచ్చేవారికి గణితం తొలి సెమిస్టర్‌లో కష్టంగా తోస్తుంది. వేసవి సెలవుల్లోనే మొదటి సంవత్సరం పాఠాలు చదువుకుంటే ఆ ఇబ్బంది తప్పుతుంది.

పై ప్రశ్నలకు రాతపూర్వక జవాబులు అందేవరకు పాత కళాశాలలో పేరు కొనసాగించుకోవడమే ఉత్తమం. బదిలీ ధ్రువపత్రం చివరగా తీసుకోవాల్సిన కాగితం, మొదట తీసుకోవాల్సింది కాదు.