ధాత్రి ఒడి, సూదిమొన

సుశ్రుత సంహిత సూత్రస్థానంలోని పదహారో అధ్యాయం పసిబిడ్డకు చెవులు కుట్టే పద్ధతిని వివరిస్తూ ఒక అపురూపమైన మాట చెబుతుంది: కుట్టినచోట నెత్తురు ఎక్కువగా వచ్చినా, బిడ్డకు నొప్పి పుట్టినా, సూది తప్పుచోట దిగిందని వైద్యుడు గ్రహించాలి. మాటలు రాని బిడ్డ బాధను ఆ గ్రంథం వైద్యుడి పనితనానికి గీటురాయిగా నిలిపింది, అందుకు తగిన ఏర్పాటునూ అక్కడే చెప్పింది. ఆరో నెలలోనో ఏడో నెలలోనో బిడ్డను ధాత్రి ఒడిలో కూర్చోబెట్టి, ఆటవస్తువులతో మరిపించి, బుజ్జగిస్తూ, వైద్యుడు ఎడమచేత్తో చెవితమ్మెను లాగి పట్టుకుని, ఎండపొడ అవతలికి కనిపించే పల్చటి చోటును చూసి, కుడిచేత్తో మెల్లమెల్లగా, తిన్నగా గుచ్చాలి. తమ్మె పల్చనిదైతే సూది, మందమైనదైతే ఆర, అంటే తోలు కుట్టే ఆరె వంటి సాధనం, వాడాలి. మగబిడ్డకు ముందు కుడిచెవి, ఆడబిడ్డకు ముందు ఎడమచెవి కుట్టాలి. ధాత్రి అంటే పాలిచ్చి పెంచే స్త్రీ; తెలుగులో దాది అయిన మాట అదే. పాలు పట్టమని సుశ్రుతుడు విడిగా చెప్పలేదు గానీ, సూది పని జరిగింది మాత్రం బిడ్డకు పాలు అందే చోటనే.

పిల్లల వైద్యం చెప్పే ప్రాచీన గ్రంథం కాశ్యప సంహితలోని వేదనాధ్యాయం కూడా, నొప్పి ఎక్కడుందో చెప్పలేని బిడ్డ చేష్టలను చదవడం నేర్పుతుంది: చెవిపోటు ఉన్న బిడ్డ చేతులతో చెవులు తడుముకుంటూ తల తిప్పుతుంది, కడుపునొప్పి ఉన్న బిడ్డ చన్ను వదిలేసి ఏడుస్తూ వెల్లకిలా పడుకుంటుంది.

శతాబ్దాలు దాటి ఇరవయ్యో శతాబ్దానికి వస్తే, ఆ శ్రద్ధ ఆసుపత్రుల్లో దాదాపు మాయమైంది. అప్పుడే పుట్టిన శిశువు నాడీవ్యవస్థ ఇంకా పరిపక్వం కాలేదు కనుక నొప్పి తెలియదన్న నమ్మకంతో, 1980ల దాకా అనేక చోట్ల, కండరాలు కదలకుండా చేసే మందు ఇచ్చి, చాలినంత మత్తు ఇవ్వకుండానే పసివాళ్లకు శస్త్రచికిత్సలు చేశారు. సుశ్రుతుడు సాక్ష్యంగా స్వీకరించిన ఏడుపును అసలు వినబడకుండా చేయడం వైద్యానికి జరిగిన పెద్ద నష్టం. భారతదేశంలో పుట్టిన వైద్యుడు కన్వల్‌జీత్ ఆనంద్ ఆక్స్‌ఫర్డ్‌లో నెలలు నిండని శిశువులపై చేసి 1987లో ప్రచురించిన పరిశోధన, ఫెంటనిల్ అనే బలమైన నొప్పిమందు ఇస్తే శస్త్రచికిత్స తర్వాత చిక్కులు తగ్గుతాయని చూపి, ఆ నమ్మకాన్ని కదిలించింది.

ఇక సూదిమందుల సంగతి. 1921లో పారిస్‌లో ఒక శిశువుకు మొదటిసారి ఇచ్చిన బీసీజీ, అంటే క్షయ నివారణ టీకా, సూదితో కాక నోటి ద్వారానే లోపలికి వెళ్లింది. 1948లో మదనపల్లెలో అదే టీకా వేయడం మొదలయ్యేనాటికి అది చర్మంలోకి గుచ్చే సూదిగా మారింది.

ఆ సూది నొప్పిని తగ్గించేదేమిటో తెలుసుకోవడానికి, పారిస్ దగ్గరి ప్వాసీ పట్టణ ఆసుపత్రిలో రికార్డో కార్బహాల్ బృందం 180 మంది నవజాత శిశువులను నాలుగు జట్లుగా చేసి, నరం నుంచి రక్తం తీసేటప్పుడు వారి నొప్పిని, నొప్పితో పాటు పెరిగే పది మార్కుల కొలమానంతో కొలిచింది. 2003లో వెలువడిన ఫలితాల్లో, తల్లిపాలు తాగుతున్న శిశువుల మధ్యస్థ మార్కు 1, గ్లూకోజు నీళ్లతో పాటు నోట్లో పీక పెట్టిన వారిది 3, ఉత్త నీళ్లు ఇచ్చిన వారిది 10, పాలు లేకుండా తల్లి చేతుల్లో ఉన్నవారిది కూడా 10. ఒడి ఒక్కటే చాలలేదు. ధాత్రి అన్న పదంలో దాగిన పాలివ్వడం పని చేసింది. అంతకు ముందు ఏడాది బోస్టన్‌లో లారీ గ్రే బృందం మడమ గుచ్చే పరీక్షలో పాలు తాగే శిశువుల ఏడుపు 91 శాతం తగ్గినట్లు చూపింది. చప్పరించడం, తల్లి ఒంటి వెచ్చదనం, పాల తీపి కలిసి శరీరంలోని సహజ నొప్పినివారణ వ్యవస్థను మేల్కొలుపుతాయని పరిశోధకుల అభిప్రాయం. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ టీకా వేసే సమయంలో పాలివ్వడాన్ని సిఫారసు చేసింది.

ఏ ఊరి తల్లికైనా, జాతీయ టీకాల పట్టిక ప్రకారం ఆరు, పది, పద్నాలుగు వారాలకు బిడ్డ తొడపై సూది తప్పదు. బల్లపై పడుకోబెట్టడానికి మారుగా, సూది సిద్ధమయ్యేలోపే చన్ను పట్టించి, బిడ్డ గుటకలు స్థిరపడ్డాక, పొట్ట తల్లి వైపుకీ తొడ బయటి వైపుకీ ఉండేలా ఎత్తుకుంటే, టీకా వేసే ఏఎన్‌ఎమ్‌కు కావలసిన చోటు అందుతుంది. సూది తీశాక కూడా బిడ్డ నోరు చన్ను వదలకుండా కాసేపు అలాగే ఉంచాలి.