నాలుగు హద్దులు

ఇల్లు కొనటం ఎవరి సొంత వ్యవహారం వాళ్లదనీ, దానికి చరిత్ర ఉండదనీ నేనూ చాలాకాలం అనుకున్నాను. పొలానికి చరిత్ర ఉందని మనకు తెలుసు. దున్నేదెవరు, పట్టా ఎవరిది, పంట ఎవరింటికి పోయింది అన్న ప్రశ్నలను మన కథకులు విడవకుండా అడిగారు. మంథనికి దగ్గరి గాజులపల్లిలో పుట్టిన అల్లం రాజయ్య 1979లో ‘కొలిమంటుకున్నది’ తెచ్చినప్పుడు ఈ ప్రాంతపు భూమి సంగతి సాహిత్యానికెక్కింది. ఊరి నడుమ ఇల్లు మాత్రం మనకు కథావస్తువు కాలేదు. గడీ అయింది, గుడిసె అయింది. ఆ రెంటి మధ్య ఉన్న భవంతి ఇల్లు, దాని అమ్మకం, దాని కొనుగోలు మన చూపుకు ఆనలేదు. నాకు ఆనటానికి కూడా వరద రావలసివచ్చింది.

2022 జూలైలో గోదావరి పొంగి, బొక్కలవాగు ఎదురుతన్ని, మంథనిలో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. నేను అద్దెకున్న ఇల్లు వాగు దిక్కున ఉంది. రెండు బీరువాల పుస్తకాలు, నా ఎం.ఏ. నాటి నోట్సులతో సహా, ముద్దయిపోయాయి. ఆ వారంలోనే నా భార్య తేల్చి చెప్పింది, “కొంటే ఊరి లోపల కొందాం, లేకుంటే ఈ ఊరే వద్దు” అని. లోపలంటే పాత వీధులు. టేకు మొగురాలు, డంగుసున్నం గోడలు, నడుమ భవంతి, చుట్టూ అర్రలు, వెనక చేదబావి ఉన్న ఇళ్లు. మేము చూసిన ఇంటి గడప దాకా నీళ్లు రాలేదు. ముగ్గురన్నదమ్ములు, ఒక చెల్లెలు. తల్లిదండ్రులు లేరు. పెద్దవాళ్లిద్దరు హైదరాబాదులో, చిన్నవాడు అమెరికాలో, చెల్లెలు నాగపూరులో. ఇంటికి ఆరేళ్లుగా తాళం.

ఇక్కడ నా సంగతీ చెప్పాలి. మాది పద్మశాలి కుటుంబం. మా నాయన గుంట మగ్గం మీద నేసినవాడు. అట్లాంటి మాకు లోపలి వీధిలో ఇల్లు అమ్ముతారా అన్న అనుమానం నాకు మొదట రాలేదు. చదువుకున్నవాడికి ఇట్లాంటి అనుమానాలు ఆలస్యంగా వస్తాయి.

అన్నదమ్ములు చూపించిన కాగితాల్లో పాతది ఉర్దూ బైనామా, 1347 ఫసలీ నాటిది. అంటే 1937-38. దాన్ని ఒక ముసలి అర్జీనవీసు దగ్గర చదివించుకున్నాను. అమ్మేవాడి పేరు, వల్ద్ ఫలానా, పేషా ఫలానా, సాకిన్ మంథని. కొనేవాడిదీ అంతే. తర్వాత హదూదె అర్బా, అంటే నాలుగు హద్దులు. తూర్పున ఫలానా పంతులుగారి ఇల్లు, పడమట ఫలానా శాస్త్రిగారి పెరటిగోడ, ఉత్తరాన ఆమ్‌రాస్తా, దక్షిణాన ఫలానా వారి బావి. గజాల లెక్క ఎక్కడా లేదు. నేను ఆశ్చర్యపోతే ఆ పెద్దాయన నవ్వి, “గజాలెందుకు సారూ, మనుషులున్నరు గదా” అన్నాడు.

ఈ మాటలో చాలా చరిత్ర ఉంది. దస్తావేజులో రాసిన విస్తీర్ణానికీ హద్దులకూ పొత్తు కుదరనప్పుడు హద్దులదే పైచేయి అని మన కోర్టులు ఇప్పటికీ చెబుతాయి. ఊరి ఆబాదీలో, గ్రామకంఠంలో, ఇళ్లకు పొలాలకున్నట్టు విడివిడి సర్వే నంబర్లుండవు. ఇంటి నంబరూ, ఇంటి పన్ను రశీదూ, చుట్టూ ఉన్నవాళ్ల పేర్లూ, ఇవే ఆధారం. కనక లోపలి వీధిలో ఇల్లంటే ఇన్ని గజాల నేల అని అర్థం కాదు, ఫలానా నలుగురి నడుమ చోటు అని. ఆ నలుగురూ ఎవరన్నదే ఆస్తి విలువ. అగ్రహారం ఏర్పడ్డ పద్ధతే అది. దానం పుచ్చుకున్నవాళ్లు ఒక్కచోట ఇళ్లు కట్టుకున్నారు, చుట్టూ వాళ్లకు పనిచేసేవాళ్లు వాడలు కట్టుకున్నారు. మంత్రకూటమే మంథని అయిందని మా ఊరివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. వేదం చదివిన ఊరని, గోదావరి ఒడ్డున గౌతమేశ్వరుడున్నాడని చెప్పుకుంటారు. ఆ పాండిత్యం అబద్ధం కాదు. ఆ పాండిత్యానికి నీడనిచ్చిన ఇళ్లకు రాళ్లెత్తినవాళ్లు ఆ వీధిలో కాపురముండలేదన్నదీ అబద్ధం కాదు.

నేలకు సంబంధించిన చట్టాలు వరసగా వచ్చాయి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం, 1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చాయి. 1957 నుంచి 1977 దాకా మంథనికి శాసనసభ్యుడుగా ఉన్న పి.వి. నరసింహారావు 1971లో ముఖ్యమంత్రి అయి భూపరిమితిని ముందుకు తెచ్చారు. ఆయన దిగిపోయిన 1973లోనే వచ్చిన చట్టం కుటుంబానికి తరి అయితే 10 నుంచి 27 ఎకరాలు, కుష్కి అయితే 35 నుంచి 54 ఎకరాలు అని గీత గీసింది. అమలు ఎంత జరిగిందో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. నేను గమనించిందల్లా ఒకటే. ఇవన్నీ పొలాన్ని ముట్టుకున్నవే. ఊరి నడుమ ఇంటి జాగాలో ఎవరి పక్కన ఎవరుండాలన్న దాన్ని వీటిలో ఏదీ ముట్టుకోలేదు. పొలం రాబడి తగ్గింది, ఉద్యోగాలకు పిల్లలు పట్నం పోయారు, ఇంటికి తాళం పడింది. వీధి మాత్రం వీధిగానే ఉండిపోయింది.

1978 జగిత్యాల జైత్రయాత్ర తర్వాత ఈ జిల్లాల పల్లెల నుంచి భూస్వాములు పట్టణాలకు చేరారు. వాళ్ల దగ్గర డబ్బుంది. తర్వాత రామగిరి వైపు సింగరేణి ఓపెన్‌కాస్టులకు భూములిచ్చినవాళ్లు, ఇటీవల సుందిళ్ల, అన్నారం బ్యారేజీల కింద పొలాలు పోయినవాళ్లు పరిహారం పట్టుకొని ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. 2018లో మంథని మునిసిపాలిటీ అయింది. రోడ్ల పక్కన ప్లాట్లు లేచాయి. డబ్బు కులాన్ని కరిగిస్తుందని మనలో కొందరు సిద్ధాంతం చెబుతారు. ప్లాట్ల దగ్గర కొంత కరిగించిన మాట నిజం. లోపలి వీధిలో ధర అడిగే ముందు ఇంటిపేరు అడుగుతారు.

మొదటి మాటలు ఫోనులో జరిగాయి. రెండోసారి నేనే హైదరాబాదు పోయి పెద్దాయనను విద్యానగర్‌లో ఆయన ఫ్లాటులో కలిశాను. మర్యాదస్థుడు, కాఫీ ఇచ్చాడు, నా వ్యాసాలు చదివానన్నాడు. చివరకు, “ఏమనుకోకండి సార్, మా నాన్నగారు సంధ్యవార్చిన అరుగు. మావాళ్లలో ఎవరైనా తీసుకుంటే రేటు తగ్గించి అయినా ఇస్తాం” అన్నాడు. మీ పక్క ఫ్లాటులో ఎవరున్నారని అడిగాను. “ఎవరో తెలీదు సార్, ఇక్కడ ఎవరి తలుపు వాళ్లది” అన్నాడు. తానుండే చోట అక్కరలేని కట్టుబాటును తాను వదిలేసిన చోట కాపాడుతున్నాడు. ఆయనను కపటి అనలేను. ఆయనకు పొరుగంటే ఇంకా మంథనిలోనే ఉంది.

దీనికి చట్టంలో పేర్లు లేకపోలేదు. ముస్లిం ధర్మశాస్త్రంలో షఫా అనే హక్కుంది. ఇల్లు అమ్ముడుపోయేటప్పుడు భాగస్థుడో పొరుగువాడో అదే ధరకు ముందుగా తీసుకోవచ్చు. ఉత్తరాదిన చాలాచోట్ల హిందువులూ దాన్ని ఆచారంగా పాటించారు. పొరుగువాడినన్న కారణం ఒక్కదాని మీద అట్లా అడ్డుకోవటం చెల్లదని 1962లో సుప్రీంకోర్టు తేల్చింది. అమెరికాలో తెల్లవాళ్ల పేటల ఇళ్లను నల్లవాళ్లకు అమ్మరాదని దస్తావేజుల్లోనే రాసుకునేవాళ్లు. సెయింట్ లూయిస్ నగరంలో షెల్లీ కుటుంబం అట్లాంటి ఇల్లు కొంటే వ్యవహారం వాషింగ్టన్ దాకా పోయింది. 1948లో అక్కడి సుప్రీంకోర్టు ఏమన్నదో జాగ్రత్తగా చూడాలి. ఆ రాత తప్పనలేదు, దాన్ని కోర్టులు అమలు జరపరాదన్నది. మన దగ్గర 2005 ఏప్రిల్‌లో అహమ్మదాబాదు పార్శీల గృహనిర్మాణ సహకార సంఘం కేసులో, సభ్యత్వం పార్శీలకే అన్న నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మంథనికి నిబంధనా లేదు, రాతా లేదు. రాస్తే కొట్టేయించవచ్చు. “ఏమనుకోకండి సార్” అన్నదాన్ని ఏ కోర్టులో కొట్టేయిస్తాం?

అదే 2005లో మరొకటి జరిగింది. దాన్ని మనం చాలినంతగా పట్టించుకోలేదనిపిస్తుంది. 1956 హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షన్ ఒకటుండేది. కుటుంబం కాపురమున్న ఇంట్లో ఆడబిడ్డకు వాటా ఉన్నా, మగవాళ్లు పంచుకుందామని అనుకునేదాకా ఆమె పంపకం అడగటానికి వీల్లేదు. పొలం అడగవచ్చు, ఇల్లు అడగరాదు! అంటే శాసనకర్తలకు ఇల్లేమిటో మనకన్నా బాగా తెలుసు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి జన్మహక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణతోనే వచ్చింది, అది 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది, అప్పటికే పెళ్లయినవాళ్లకు లేకుండా. 2005 సెప్టెంబరులో కేంద్ర సవరణ ఆ హక్కును కూతుళ్లందరికీ ఇచ్చి, 23వ సెక్షన్‌ను తీసేసింది.

నాకు ఇల్లు దొరికింది ఆ సవరణ వల్ల. నాగపూరు చెల్లెలు ఒకరోజు తనే ఫోను చేసింది. “సార్, అన్నయ్యలు ఎవరికో ఇవ్వాలని ఆరేళ్ల నుంచి చూస్తున్నరు. ఇల్లు కూలిపోతున్నది. నా వాటా నేను అడిగిన, ఇయ్యకపోతే దావా వేస్తనన్న. మీకే అమ్ముదామన్న” అన్నది. ఎందుకమ్మా నాకే అంటే, “నాకు పెండ్లయి పోయినంక ఆ ఇంట్ల నన్ను చుట్టం లెక్కనే చూసిండ్రు. ఎవరు వస్తే నాకేంది” అన్నది. అభ్యుదయ భావాలతో కాదు, కడుపుమంటతో అన్న మాట. వీధి తలుపు మాత్రం ఆ మాటతోనే తెరుచుకుంది. అన్నలు సంతకాలు పెట్టారు. 2023లో రిజిస్ట్రేషను అయింది. దస్తావేజు లేఖరి పాత హద్దులనే మళ్లీ రాశాడు, చనిపోయిన పంతుళ్ల పేర్లతో సహా. మార్చమంటే, “లింకు తప్పుతది సారూ” అన్నాడు.

వీధి మమ్మల్ని చెడ్డగా ఏమీ చూడలేదు. దసరాకు జమ్మి ఇచ్చిపుచ్చుకున్నాం. మొదటి సంవత్సరం బావి విషయంలో కొంత ఎడం ఉండేది, నల్లా వచ్చాక అదీ లేదు. నేను గెలిచాననుకున్నాను.

మరుసటేడు మా తూర్పు ఇల్లు అమ్మకానికొచ్చింది. మా బళ్లో సైన్సు చెప్పే తోటి ఉపాధ్యాయురాలు అడిగింది. వాళ్లు మాదిగలు. ధర దగ్గర పేచీ లేదు, బయానా ఇవ్వటానికి సిద్ధమైంది. ఒక సాయంత్రం ఇద్దరు పెద్దమనుషులు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. ఒకాయన, “మీరేమంటరు సారూ, మీరూ ఈ గల్లోళ్లే గదా” అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. దాన్ని దాచి ప్రయోజనం లేదు. ఆమె ఎవరో, ఎట్లా చదువు చెబుతుందో, రాజ్యాంగం 15వ, 17వ అధికరణాలు ఏమంటాయో నేను చెప్పగలిగినవాణ్ణి, ఏటా జనవరి 26న పిల్లలకు చెప్పేవాణ్ణి. “అమ్మేటోళ్ల ఇష్టం” అని ఊరుకున్నాను. వాళ్లు నా మాటను నాకంటే బాగా అర్థం చేసుకొని లేచారు.

ఆమె రోడ్డు పక్క ప్లాటు కొని ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి పోయాను. బ్యాంకు అప్పు కోసం తీసిన దస్తావేజు నకలు బల్ల మీద ఉంటే చదివాను. తూర్పున 30 అడుగుల రోడ్డు, మిగతా మూడు దిక్కులా ప్లాటు నంబర్లు. మనిషి పేరన్నది లేదు. భోజనాల దగ్గర ఆమె నాకు వంకాయకూర మళ్లీ వడ్డించింది గానీ, ఆ ఇంటి సంగతి ఎత్తలేదు.

మా పక్క ఇల్లు కరీంనగర్ వ్యాపారి ఒకాయన సిమెంటు గోదాముకు తీసుకున్నాడు. మొగురాలు ఊడదీసి అమ్మేశాడు. రిజిస్ట్రేషనుకు నన్ను సాక్షి సంతకం అడిగితే పోయాను. ఆ దస్తావేజులో పడమటి హద్దు నా పేరు.