పాత కారు – పాత ఫొటో సాక్ష్యము

శిథిలమైన దేవాలయమును ఉద్ధరింప బూనిన స్థపతి విరిగిన శిల్పమునకు మారుగా క్రొత్త శిల్పమును నిలుపవలసివచ్చినపుడు తన యూహకు పగ్గము వేయును. శాస్త్రమును చూచును, ప్రక్క స్తంభమును చూచును, పీఠముపై మిగిలిన పాదముల గుర్తులను చూచును. ఆ పిమ్మటనే ఉలి పట్టును. పాత మోటారుకారును బాగుచేయువారికిని ఇట్టి నియమమే యొకటి కలదు. నూరేండ్ల క్రిందటి కారు ఎన్ని చేతులు మారినదో, ఎన్నిమారులు రంగు పూయించుకొన్నదో, ఏ కారు దీపములను, ఏ కారు చక్రములను అరువు తెచ్చుకొన్నదో చెప్పుట కష్టము. దానిని కర్మాగారపు గుమ్మము దాటిననాటి రూపమునకు తేవలెనని సంకల్పించినవానికి మొదట ఎదురగు ప్రశ్న యొక్కటే. ఆనాడది యెట్లుండెను?

ఈ ప్రశ్నకు బదులు చెప్పగల సాక్షులు మూడు. మొదటిది, ఆ కారే. రెండవది, కంపెనీవారు ముద్రించిన విడిభాగముల జాబితాలు, లెక్కల పుస్తకములు. మూడవది, కర్మాగారముననే ఆ దినములలో తీసిన ఛాయాచిత్రములు. ఈ మూడవ సాక్షి మాట యెంతవరకు నమ్మదగినదో ఈ ప్రసంగమున విచారింతము. ఉదాహరణమునకు లోకమున పేరు వినని వారుండని ఫోర్డు మోడల్ 'టి' కారును తీసికొందము.

ఈ కారు 1908 అక్టోబరున వెలువడినది. 1927 మే నెలలో దీని నిర్మాణము నిలిచినది. ఈ నడుమ కోటి యేబదిలక్షలకు మించిన కార్లు తయారయ్యెను. 1910లో అమెరికాలోని డెట్రాయిటు నగరమున కానుకొనియున్న హైలాండ్ పార్కునందు ఫోర్డు కంపెనీ క్రొత్త కర్మాగారమును తెరచెను. దాని రూపకర్త ఆల్బర్ట్ కాన్ అను వాస్తుశిల్పి. 1913లో అచ్చటనే కదలెడు వరుసపై కార్లను కూర్చు పద్ధతి ఆరంభమైనది. అంతకు ముందు ఒక కారు చట్రమును కూర్చుటకు సుమారు 12½ గంటలు పట్టుచుండగా, 1914 నాటికి ఆ పని 93 నిమిషములలో ముగియసాగెను.

ఇంతటి వింతను కంపెనీవారు ఫొటోలు తీయించి భద్రపరచిరి. ప్రకటనలకు కొన్ని, యంత్రముల అమరికను జ్ఞాపకముంచుకొనుటకు కొన్ని, ఇతర నగరములలోని తమ శాఖలకు పని తీరు తెలుపుటకు కొన్ని. 1914లో చలనచిత్రములు తీయుటకై ప్రత్యేక శాఖనే యేర్పరచిరి. ఈ సామగ్రి యంతయు కాలగర్భమున కలిసిపోలేదు. 1951లో కంపెనీ తన పాత రికార్డుల భాండాగారమును నెలకొల్పెను. చలనచిత్రములు 1963లో అమెరికా జాతీయ పురాభిలేఖాలయమునకు చేరినవి. కాగితములు, ఛాయాచిత్రములు 1964లో డియర్‌బర్నులోని హెన్రీ ఫోర్డు మ్యూజియమునకు దానముగా లభించినవి. నేడు వానిలో పెక్కింటిని అంతర్జాలమున ఎవరైనను ఇంట కూర్చుండియే చూడవచ్చును.

ఆనాటి కెమేరాలు మోతబరువువి. వానిలోని పలకలును పెద్దవి. ఆ పెద్దపలకయే నేటివారికి వరమైనది. భూతద్దము పెట్టి చూచినచో దూరముననున్న కారుకు సైతము మేకుల తలలను లెక్కింపవచ్చును.

ఇట్టి చిత్రములు తేల్చిన సంగతులు కొన్ని చెప్పుకొందము. మోడల్ 'టి' కారనగానే డ్రైవరు పాదముల చెంత మూడు పెడళ్లు, ప్రక్కన ఒక చేతి లివరు మనకు తోచును. కాని మొట్టమొదట తయారైన కొన్ని వందల కార్లకు పెడళ్లు రెండు, లివర్లును రెండు. మొదటి 2,500 కార్ల ఇంజనులకు నీటిని త్రిప్పు పంపుకూడ కలదు. ఆ పిమ్మట దానిని తీసివేసిరి. తరువాతి కాలపు భాగములు సులభముగా దొరకును గనుక తొలినాటి కారునకు వానిని తగిలించి తృప్తిపడినవారు లేకపోలేదు. ఆ సంవత్సరపు ఫొటోను ఎదుట నుంచుకొన్నవాడు ఈ పొరపాటు చేయడు.

రేడియేటరును చూడుడు. 1916 నమూనాల వరకు అది తళతళలాడు ఇత్తడి. 1917 నమూనాలనుండి నల్లరంగు తొడుగు వచ్చినది. దానితోపాటు ఇంజను మూత ఆకారమును మారినది. మొదట ఎసిటిలీన్ గ్యాసుతో వెలిగిన ముందు దీపములు 1915 నమూనాలతో విద్యుద్దీపములైనవి. ఒకే కారుపై 1912 నాటి దీపములు, 1917 నాటి రేడియేటరు కనబడినచో అది అన్యోన్యముగా ఎన్నడును ఎరుగని చుట్టములను ఒక పెండ్లిపందిట కూర్చుండబెట్టుట వంటిది.

టైర్ల సంగతి మరింత వింత. నేటి టైరు నల్లనిది కావున ఆనాటిదియు నల్లనిదే యనుకొందుము. రబ్బరులో మసిపొడిని కలుపు అలవాటు వ్యాపింపకముందు టైర్లు తెల్లగనో, లేత బూడిదరంగుననో ఉండెడివి. ఆ కాలపు ఫొటోలలో నల్లని కారు క్రింద తెల్లని చక్రపు చుట్టులు కనబడుట ఎవరో అలంకరించినందున కాదు. అది ఆనాటి వాడుక.

కొలతలు తెలియనిచోట కూడ ఫొటో తోడ్పడును. ఆ కారు ముందు, వెనుక ఇరుసుల నడుమ దూరము 100 అంగుళములు. ప్రక్కనుండి తిన్నగా తీసిన చిత్రమున ఆ దూరమునే కొలబద్దగా పట్టి, పోయిన మెట్టుపలక ఎంత పొడవో, దీపము ఎంత యెత్తుననుండెనో లెక్కకట్టవచ్చును. అయితే ఒక షరతు. కొలుచు వస్తువును, కొలబద్దయు కెమేరాకు సమానమైన దూరమున నుండవలెను. ఏటవాలుగా తీసిన చిత్రమునుండి కొలతలు తీయుట నీటిలోని చంద్రుని కొలుచుటయే.

ఇంతవరకు సాక్షి సత్యసంధునివలెనే యున్నాడు. ఇక ఎదురు ప్రశ్నలు వేయుదము.

మొదటి ప్రశ్న రంగును గూర్చినది. మోడల్ 'టి' కార్లన్నియు నల్లనివే యను నమ్మకము లోకమున బలముగా నాటుకొన్నది. నిజమునకు నలుపు ఒక్కటే రంగుగా నిలిచినది 1914 మొదలు 1925 వరకు. అంతకుముందు ఎరుపు, బూడిదరంగు, ముదురు ఆకుపచ్చ, ముదురు నీలము కలవు. 1926 నమూనాలతో మరల రంగులు వచ్చినవి. మరి తొలినాటి ఫొటోలలో కార్లు నల్లగా కనబడునే యని అడుగవచ్చును. తప్పు కారుది కాదు, పలకది. ఆ దినములలో సాధారణముగా వాడిన ఫొటో పలకలకు ఎరుపు వెలుగు అంటెడిది కాదు. కావున ఎర్రని కారు చిత్రమున నల్లనిదగును. నీలిరంగు ఉన్నదానికన్న వెలిసిపోయినట్లు పడును. అన్ని రంగులకు స్పందించు పలకలు 1906 నుండియే అంగడికి వచ్చినను, అవి సర్వసామాన్యమగుటకు చాలకాలము పట్టినది. కనుక ఆకారమును గూర్చి ప్రామాణికుడైన ఈ సాక్షి, రంగును గూర్చి అడిగినపుడు చూపు సరిగా ఆననివాడు. రంగు తెలియవలెనన్న సాక్షి వేరు. దీపము బిగించిన పట్టీ క్రిందనో, ఆసనపు చెక్క అడుగుననో ఎండ తగులక దాగియున్న మొదటి పూతయే ఆ సాక్షి.

రెండవ ప్రశ్న: ఈ చిత్రము ఏ ప్రయోజనమునకై తీసినది? ప్రకటనలకు తీసిన ఫొటోపై చిత్రకారుడు కుంచె నడపుట ఆనాడు పరిపాటి. వెనుకనున్న గోడను చెరిపివేయుట, గీతలను పదునెక్కించుట, నీడలు తొలగించుట జరుగుచుండెను. రైలింజనులు చేయువారు ఫొటో కొరకే క్రొత్త ఇంజనునకు బూడిదరంగు పూసి, చిత్రము తీసిన పిమ్మట అసలు రంగు వేసెడివారు. కావున అమ్మకమునకై తీసిన అందమైన చిత్రముకన్న, యంత్రమునో, పని వరుసనో చూపుటకై తీసిన చిత్రమున ఒక మూల అనుకోకుండ పడిన కారు ఎక్కువ నమ్మదగినది. ఎవరును తనను చూచుటలేదనుకొన్నవాని నడవడియే అసలైన నడవడి కదా!

మూడవ ప్రశ్న: ఈ చిత్రము ఎచ్చటిది, ఎప్పటిది? ఫోర్డు కంపెనీ సంవత్సరారంభమున పాతను విడిచి క్రొత్తను పట్టెడిది కాదు. నిలువయున్న భాగములు చెల్లువరకు అవియే వాడుచుండెను. పైగా కార్ల పై శరీరములు పలువురు తయారీదారులనుండి వచ్చెడివి. కార్లను కూర్చు శాఖలును పెక్కు నగరములలో ఉండెను. ఒక మార్చినెలలో హైలాండ్ పార్కున తీసిన చిత్రము ఆ దినమున ఆ చోట జరిగినదానిని చెప్పునేగాని, ఆ యేటి కార్లన్నిటికి శాసనము కాజాలదు.

మన దేశమునకు సంబంధించిన చిక్కును ఇక్కడనే కలదు. మోడల్ 'టి' ఎడమచేతి స్టీరింగు గల కారు. కాని భారతదేశమువంటి బ్రిటిషు సామ్రాజ్య దేశములకు ఈ కార్లను పంపుచుండినది 1904లో ఒంటారియోలోని వాకర్‌విల్‌లో వెలసిన కెనడా ఫోర్డు కంపెనీ. అవి కుడిచేతి స్టీరింగు కార్లు. ఇంకొక భేదమున్నది. 1915 మొదలు 1925 వరకు అమెరికాలో చేసిన టాపు కార్లకు ముందువైపు ఎడమ ప్రక్కన తలుపు ఆకారము మాత్రమే యుండెను, అది తెరచుకొనదు. కెనడా కార్లకు రెండు ప్రక్కలను నిజమైన తలుపులే. మన దేశమున దొరకిన పాతకారును డెట్రాయిటు చిత్రమును బట్టి దిద్దబోయినవాడు మంచి తలుపును మూసివేసి, చరిత్రను సరిదిద్దితినని సంతసించు ప్రమాదము కలదు.

ఆ స్టీరింగు చక్రమే మరియొక పరీక్షకును పనికివచ్చును. పలకను తిరగవేసి అచ్చువేసినచో కుడి యెడమలు తారుమారగును. కుడిచేతి స్టీరింగు కనబడినప్పుడు అది కెనడా కారో, తిరగబడిన అమెరికా కారో తెలియదు. అప్పుడు చిత్రమున గోడపై గాని, పెట్టెలపై గాని అక్షరములున్నవేమో వెదకవలెను. అక్షరములు తిన్నగా చదువ వీలైనచో చిత్రము తిన్ననిది.

ఇన్ని జాగ్రత్తలెందుకు, అది యొక పాతబండియే కదా యని తోచవచ్చును. మేమిట్లు తలంతుము. పాతకారు కేవలము వాహనము కాదు, అదియొక పత్రము. దానిపై మొదటి రంగుపూతను గీకివేసిన పిమ్మట ఆ పుట మరల రాదు. అంతటితో ఆగదు. తప్పుగా దిద్దిన కారును ప్రదర్శనమున నిలుపుదురు. దానిని వేరొకరు ఫొటో తీసికొందురు. ఆ ఫొటోను చూచి మూడవవాడు తన కారును దిద్దుకొనును. కొన్నియేండ్లకు అబద్ధమే సంప్రదాయమగును. ప్రాచీన వాహనముల అంతర్జాతీయ సమాఖ్య 2013లో ఖాయపరచిన టూరిన్ నియమావళి, మార్పులను సాధ్యమైనంత తగ్గింపవలెననియు, చేసిన ప్రతి పనిని వ్రాసియుంచవలెననియు కోరుట ఇందులకే. మూడు సాక్ష్యములును ఏకమైనచోట ధైర్యముగా చేయి వేయవచ్చును. అవి విభేదించినచోట ఉన్నదానిని ఉన్నట్లు విడిచి, సందేహమును కాగితముపై పెట్టుటయే వివేకము. రేపు ఇంకొక చిత్రము దొరకవచ్చును.

ఈ ఛాయాచిత్రములను మేకుల కొరకు, దీపముల కొరకు వెదకుచుండగా మరియొకటియు కన్నులబడును. వరుసల ప్రక్కన పనివారు నిలిచియుందురు. వారి పేర్లు చిత్రము క్రింద ఉండుట అరుదు. 1913లో హైలాండ్ పార్కున పనివారు నిలువక పోవుచుండినందున, ఉన్న స్థానములకు మూడున్నర రెట్లకు మించి క్రొత్తవారిని చేర్చుకొనవలసివచ్చెను. 1914 జనవరిలో అర్హులైనవారికి దినమునకు 5 డాలర్లు ఇచ్చెదమని కంపెనీ ప్రకటించుటకు ఇదియొక కారణము. ఈ యలసట ఏ ఫొటోలోను కానరాదు. చక్రపు ఆకులను లెక్కించుటకు ఉపకరించిన చిత్రమే, ఆ చక్రమును బిగించిన చేతిని గూర్చి మౌనము వహించును. అందుచే చూచినదానితో చదివినదానిని కలుపుకొననిదే చరిత్ర పూర్తి కాదు.

మన ఇండ్లలోని పెట్టెలయందును పాతఫొటోలు కలవు. తాతగారి పెండ్లినాటి బస్సు, ఊరిలోనికి మొదట వచ్చిన మోటారు, మిల్లు ఎదుట నిలుచున్న పనివారు. వాని వెనుక పెన్సిలుతో మెల్లగా సంవత్సరమును, ఊరును, మనుష్యుల పేర్లను వ్రాసియుంచినచో, నేడు మనకు జ్ఞాపకముగా నున్నది రేపటివారికి సాక్ష్యమగును. తెలిసినవారు ఇంట ఉండగనే ఆ పని చేయుట మేలు.