పాతర నాన్నది, పురి అమ్మది

మా నాన్నగారిది పల్నాడు, అమ్మది కోనసీమ. అందుకని గింజ దాచే విద్య నాకు రెండు వైపుల నుంచీ వచ్చింది. మాచర్ల వైపు జొన్నలు భూమిలోకి దిగేవి. అమలాపురం వైపు వడ్లు పెరట్లో గుమ్మటంలా లేచేవి.

పాతరకి నీరు ఊరని మెరక చూసుకోవాలి. మూతి మనిషి పట్టేంత, లోపలంతా వెడల్పు. తవ్వాక మంట వేసి గోడల చెమ్మ ఆరగొట్టేవాళ్లు. అడుగునా చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు నింపి, పైన మళ్లీ గడ్డి కప్పి మట్టితో మెత్తేవాళ్లు. గింజ కూడా ఊపిరి తీస్తుంది. మూసిన గోతిలో ప్రాణవాయువు కాస్తా అయిపోతే పురుగు చస్తుంది, మందూ మాకూ అక్కర్లేదు. అయితే ఆ గాలి మనిషినీ చంపుతుంది. పాతర తీసేనాడు మా తాతయ్య పిల్లల్ని ఆ ఛాయలకి రానిచ్చేవాడు కాదు. కాసేపు గాలి ఆడనిచ్చి, తాడుకి దీపం కట్టి దింపేవాడు. దీపం ఆరిందా, ఆ పూటకి ఎవరూ దిగరు. గోడవారగా ఉన్న జొన్నలు రంగు మారి ముక్కవాసన కొట్టేవి. నడిమివి మాత్రం నిక్షేపం.

ఇంత యాతన ఎందుకంటే కరువు. 1832-33లో వచ్చిన నందన కరువుకి ఒక్క గుంటూరు జిల్లాలోనే లక్షన్నరకి తక్కువ కాకుండా జనం పోయారని అంచనా. గోదావరి సీమా ఆ దెబ్బ తిన్నదే. ఆ కరువుల తర్వాతే కాటన్ దొర పూనికతో 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలై 1852కి పూర్తయింది. కాలవలొచ్చాయి, డెల్టా అంతా వరి అయింది.

అక్కడ గొయ్యి తవ్వితే నీళ్లు. అందుకే పురి. ఎత్తుగా అరుగు వేసి, వరిగడ్డితో లావుపాటి వెంటి పేని, వడ్లు పోస్తూ చుట్టూ వెంటి తిప్పుకుంటూ పైకి పోవాలి. నెత్తిన గడ్డి కప్పు. వెంటి బిగువు తగ్గితే పురి పక్కకి ఒరుగుతుంది. మా అమ్మమ్మకి ఆ భయం లేదు గానీ పందికొక్కులంటే హడలు. గాదె కింద పందికొక్కు అన్న మాట ఊరికే పుట్టలేదు మరి.

రైసు మిల్లులొచ్చాక వడ్లు కళ్లంలోంచే బండెక్కాయి. 1965లో భారత ఆహార సంస్థ పుట్టింది, గిడ్డంగులు లేచాయి. పెరట్లో పురితో ఇక పనేముంది?

గండికోటలో పాలకుల ధాన్యాగారం రాతి కట్టడం గనక నిలిచింది, యాత్రికులు ఫొటోలు దిగుతున్నారు. రైతు కట్టుకున్నది గడ్డీ మట్టీ. గింజ అయిపోతే పురిని తనే విప్పేవాడు, ఆ గడ్డి పశువులకి వేసేవాడు. పురావస్తు శాఖ బోర్డు పాతడానికి ఏం మిగిలింది? మీ ఊళ్లో వెంటి పేనే చేతులు ఇంకా ఉంటే, ఈ సంక్రాంతికి ఒక చిన్న పురైనా కట్టించండి. మొదటి చుట్టు నుంచి చివరి కప్పు దాకా వీడియో తీసి ఉంచండి.