అన్నశుద్ధియు ప్రాణరక్షయు

తాము భుజించు పదార్థము శుచియైనదా కాదా యని విచారింపని గృహము మనలో నుండదు. ఆ పదార్థమును సిద్ధపఱచినవారు క్షేమముగ నిల్లు చేరిరా యని విచారించువారు మాత్ర మరుదు. ఈ రెండు విచారములును వేఱువేఱు త్రోవల నడచుటవలన నెంతటి యనర్థము వాటిల్లునో అమెరికాదేశ చరిత్రము తెలుపుచున్నది.

1906 వ సంవత్సరమున అప్టన్ సింక్లేరు ‘ది జంగిల్’ అను నవలను ప్రకటించెను. చికాగో నగరపు మాంసశాలలలో పనిచేయువారి దుఃఖమును లోకమునకు జూపుటయే యాతని యుద్దేశము. తడినేలపై జాఱిపడువారు, కత్తివాటున వ్రేళ్లు గోల్పోవువారు, చలిగదులలో రోగపీడితులగువారు అందు వర్ణింపబడిరి. చదువరుల దృష్టి మాత్రము తమ పళ్లెములోని మాంసముమీదనే నిలిచెను. ఆ యేటి జూను 30 వ తేదీననే మాంసపరీక్షకు నొకటి, ఆహారౌషధముల శుద్ధికి నొకటి, రెండు శాసనములు వెలసెను. పనివారి రక్షణకై దేశమంతటికిని వర్తించు సమగ్రశాసనము 1970 డిసెంబరు నెలలోగాని పుట్టలేదు. నడుమ గడచినవి 64 ఏండ్లు.

శాసనము పుట్టినంతనే రక్షణ కలుగదనుటకు హ్యామ్లెట్ ఉదంతము సాక్షి. ఉత్తర కెరొలైనా రాష్ట్రమందలి యా చిన్నపట్టణమున, కోడిమాంసమును నూనెలో వేయించి పొట్లములు గట్టు కర్మాగార మొకటి యుండెను. 1991 సెప్టెంబరు 3 వ తేదీ యుదయమున, మాంసమును నూనెకొప్పెరలోనికి జేర్చు యంత్రపు చమురుగొట్టము మరమ్మతు చేసిన పిమ్మట నూడిపోయెను. కొప్పెరక్రింది మంట నార్పకయే ఆ మరమ్మతు జరిగెను. మిక్కిలి యొత్తిడితో చిమ్మిన చమురు భగ్గున నంటుకొని, నిమిషములలో పొగ శాలనంతటిని గ్రమ్మెను. బయటికి బోవు తలుపులు కొన్నిటికి తాళములు వేసియుండెను. 25 మంది మరణించిరి. అందు 18 మంది స్త్రీలు.

తాళము లెందుకు? మాంసమును పనివారు దొంగిలింతురను శంక యొకటి. ఈగలు లోనికి వచ్చునను మాట మఱియొకటి. మాంసపరీక్షకుడు ఆ శాలకు దినదినమును వచ్చుచుండెను. కార్మికరక్షణాధికారి మాత్రము 11 ఏండ్లలో నొక్కసారియైన గడప ద్రొక్కలేదు. 1906 నాటి యుపేక్ష 1991 లో నిట్లు ఫలించెను.

ఈ యాపదను దైవకృతమనుట తగదు. మంటచెంత నొత్తిడిగొట్టము, ఆర్పని పొయ్యి, తాళము వేసిన తలుపు: విడివిడిగ జూచిన నివి సామాన్యలోపములు, ఒక్కటిగ జూచిన మృత్యుద్వారములు. ఇట్లు కలిపి చూచుటయే ప్రమాదవిచారణ. ఈ గొట్టము తెగినచో చమురెచ్చట బడును? పొగ గ్రమ్మినచో ఈ స్త్రీ యే తలుపున బయటికి బోవును? ఈ ప్రశ్నలను పని నడచు చోటనే, పనిచేయువారినే యడుగవలెను. ఉత్తర కెరొలైనా ప్రభుత్వము 1992 లో కార్మికరక్షణకై 14 చట్టములను జేసెను. యజమాని నేరమొప్పుకొని చెఱసాలకు బోయెను. ఇవి యన్నియు శవదహనానంతరపు మందులు.

మనదేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, గదిలో మనుష్యులుండగా, లోపలినుండి తక్షణమే సులభముగ తెఱచుటకు వీలులేనట్లు తలుపు బిగింపరాదని విధించెను. అక్షరములు తాళములను దీయజాలవు. ఆహారపు పొట్లముమీద శుద్ధిముద్రను వెదకు విద్యావంతులు, అది వచ్చిన శాల తలుపు లోపలినుండి తెఱచుకొనునా యనియు నడుగుదురుగాక.